గడప దగ్గర టైంపీసు

మా అత్తయ్య మీద నవల రాశానని, అచ్చుకి ఇచ్చేముందు నేనొకసారి చూసిపెట్టాలని మాధవి అనే అమ్మాయి కిందటి నెల దానవాయిపేటలోని మా ఇంటికి వచ్చింది. రాజమండ్రిలోనే ఒక కాలేజీలో పాఠాలు చెబుతుంది. మూడువందల పన్నెండు పేజీల కట్ట బల్ల మీద పెట్టి, దాని పక్కన డజను అరటిపళ్లు పెట్టి, "మీరు ఆవిణ్ణి కళ్లారా చూసినవారు. తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పండి మేడమ్ గారూ" అంది. ముప్ఫై నాలుగేళ్లు లెక్కల టీచరుగా పనిచేసినదాన్ని. నాకు మొహమాటం గురించి చెప్పవలసిన పని లేదు. అరటిపళ్లు పదకొండే ఉన్నాయని అప్పుడే చెప్పాను. ఆ అమ్మాయి నవ్వింది, నేను నవ్వలేదు.

చదవడానికి తొమ్మిది రోజులు పట్టింది. పెన్సిలు పట్టుకునే చదివాను. నాలుగో రోజుకే నాకు విసుగు మొదలైంది. నవలలో కథానాయిక డాక్టరు చదువుకి వెళతానంటే తండ్రి తలుపు గడియ పెడతాడు, ఆ పిల్ల మూడు రోజులు అన్నం మానేస్తుంది, ఆఖరికి తెల్లచీరతో ఒంటరిగా రైలెక్కుతుంది. మా తాతయ్య అలాంటి మనిషి కాదు. అత్తయ్యకి ఇస్తారనుకున్న మేనబావ చిన్నతనంలోనే పోయాక, ఈ పిల్ల ఏం చేస్తే బాగుంటుందని ఆలోచించి దరఖాస్తులు తెప్పించి నింపినవాడు ఆయనే. మద్రాసు తనే తీసుకువెళ్లాడు. పిల్ల హాస్టల్లో కుదురుకునేదాకా పదకొండు రోజులు సత్రంలో ఉండి, ఎవరి చేతివంటా తినని మనిషి గనుక తనే వండుకు తిన్నాడు. అంతకన్నా మంచి కథ ఏం కావాలి? "తండ్రి ఒప్పుకుంటే సంఘర్షణ ఉండదండి" అంది మాధవి ఫోనులో. నవల్లో ఇంకోచోట వరద గోదారిలో పడవెక్కి పురుడు పోయడానికి వెళుతుంది. మా అత్తయ్యకి పడవంటే చచ్చేంత భయం. కాలవ దాటడానికి కూడా మైలున్నర చుట్టుతిరిగి లాకుల మీదనుంచి వెళ్లేది. ఈ సంగతి రామచంద్రపురంలో అందరికీ తెలుసు. ఆ రోజుల్లో బతికున్నవాళ్లు ఇప్పుడు లేకపోతే అది నా తప్పు కాదు.

నవల్లో లేనిది మా ఇల్లు. వీధివైపు రెండు గదులు. ఒకదాన్లో మా నాన్న బెల్లం కొట్టు, రెండోదాన్లో అత్తయ్య ఆసుపత్రి. మధ్య గోడ ఒక్కటే కావడంతో వేసవిలో ఆసుపత్రిలో కూర్చున్నవాళ్లకి బెల్లం వాసన, కొట్లో కూర్చున్నవాళ్లకి స్పిరిట్ వాసన వచ్చేవి. "మీ బెల్లం మందు వాసనేస్తంది శెట్టిగారూ" అని బేరగాళ్లు ధర తగ్గించమనేవారు. నాన్న నవ్వి ఊరుకునేవాడు, ధర తగ్గించేవాడు కాదు. ఇంటి లోపలంతా నాయనమ్మ రాజ్యం. కూతురు డాక్టరని ఆవిడకి గర్వమే, కాని పురిటింటి అంటు కూతురైనంత మాత్రాన పోదని ఆవిడ లెక్క. అత్తయ్య ఏ వేళకి వచ్చినా పెరటి దారినే రావాలి, నూతి దగ్గర తలమీంచి స్నానం చేయాలి, కట్టిన చీర విడిగా తీగ మీద ఆరేయాలి. సామాన్లు మరగబెట్టే ఇత్తడి గిన్నె వంటింటి గడప తొక్కకూడదు, అందుకోసం పెరట్లో ఒక కుంపటి. ఒక్కోరోజు రెండు పురుళ్లుంటే రెండు స్నానాలు, మూడుంటే మూడు. కార్తీకంలో కూడా అంతే. నేను గమనించినంతలో మా అత్తయ్య జుట్టు పూర్తిగా ఆరిన రోజులు వారానికి రెండు ఉండేవేమో. నూతిలోంచి నీళ్లు తోడి పోసే పని నాది. ఎనిమిది చేదలు. ఎనిమిదోది పోశాక, "చాల్లే వరాలూ, ఇంక నేను పవిత్రమైపోయాను" అనేది పళ్లు కొట్టుకుంటూ.

నన్ను ఆవిడ పురుళ్లకి ఎందుకు తీసుకువెళ్లేదో చెప్పాలి. మా వైపు కొన్ని ఇళ్లల్లో బిడ్డ భూమ్మీద పడగానే గదిలోంచి ఒక నిమ్మకాయ బయటికి దొర్లించేవారు. వాకిట్లో కూర్చున్న సిద్ధాంతి అది చూసి వేళ రాసుకునేవాడు. జాతకం అంతా ఆ వేళ మీదే. నిమ్మకాయ ఒక్కోసారి మంచం కిందికి పోయేది. అది పట్టుకున్న ముసలమ్మ బిడ్డని చూస్తూ నిలబడిపోయి దాన్ని దొర్లించడం మరిచిపోయేది. తర్వాత ఆ వేళ తప్పని, ఈ వేళ ఒప్పని ఇంట్లో తగవులు. అత్తయ్యకి ఇదంతా చిరాకు. అందుకని నన్ను టైంపీసుతో గడప దగ్గర నిలబెట్టడం మొదలుపెట్టింది. నాకప్పుడు పదకొండో ఏడు. రోజూ పొద్దున్న రేడియో వార్తల ముందు కూతలు విని టైంపీసు సరిచేసేదాన్ని. తల కనిపించినప్పుడా, నేల మీద పడినప్పుడా, ఏ వేళ పుట్టిన వేళ అనేది సిద్ధాంతులు తలో రకంగా చెప్పేవారు. అత్తయ్య తన పద్ధతి తను పెట్టుకుంది. బిడ్డ మొదటిసారి ఏడ్చిన నిమిషమే పుట్టిన నిమిషం. అదొక్కటే రాయమని నాకు చెప్పింది. నేను మాత్రం నోటుబుక్కులో మూడు గళ్లు గీశాను. తల, నేల, ఏడుపు. ఎవరూ అడగలేదు. మిగతా రెండు సంగతులూ కళ్లెదురుగా జరుగుతుంటే రాయకుండా ఊరుకోవడం నాకు చేతకాలేదు. ఏడాదిన్నరలో అరవై మూడు పురుళ్లు రాశాను. పెద్దయ్యాక డాక్టరునవుతానని ఇంట్లో అందరికీ చెప్పేశాను. అత్తయ్య కూడా విని, "ముందు సూది చూసి కళ్లు మూసుకోవడం మానెయ్" అంది. మానేశాను.

అరవై నాలుగోది ద్రాక్షారామం అవతల ఒక పెద్ద రైతు ఇంట్లో. వైశాఖమాసం, మిట్టమధ్యాహ్నం. తొలిచూలు కనుక కూతురు పుట్టింటికి వచ్చింది. నొప్పులు పొద్దుటినుంచే. గది బయట అరుగు మీద ఇంటిపెద్ద, ఆయన పక్కన ఒళ్లో పంచాంగంతో సిద్ధాంతిగారు. ఆ రోజు మూలా నక్షత్రం. మూలలో పుట్టిన ఆడపిల్ల అత్తారింట అడుగుపెడితే మామగారికి గండమని మా వైపు గట్టి నమ్మకం. అలాంటి పిల్లకి సంబంధం కుదరడం కష్టం.

"మూల ఎప్పుడెళ్లిపోద్దండి?" అని పెద్దాయన అడిగాడు.

"రెండూ నలభై మూడుకండి. ఇందాక చెప్పాను కదండి."

"ఇందాక చెప్పారు, నిజమే. డాక్టరమ్మగారికి ఓ మాట చెబితే కాస్త ఆపుతారేమోనండి."

"ఆపడానికి అదేమన్నా బస్సా అండి?" అన్నారు సిద్ధాంతిగారు.

నాకు నవ్వొచ్చింది గాని నా కళ్లు టైంపీసు మీదే ఉన్నాయి. రెండూ ముప్ఫై తొమ్మిదికి తల. రెండూ నలభై ఒకటికి బిడ్డ. ఆడపిల్ల. ఏడవలేదు. వంకాయరంగులో ఉంది. అత్తయ్య బిడ్డని తలకిందులుగా పట్టుకుని వీపు చరిచింది, వేలితో నోట్లోది తీసింది, నోటికి నోరు పెట్టి ఊదింది. ముల్లు నలభై రెండు దాటింది, నలభై మూడు దాటింది. నలభై అయిదుకి పిల్లి కూసినట్టు చిన్న చప్పుడు, తర్వాత గట్టిగా ఏడుపు. రాసుకున్నాను. అత్తయ్య నుదుటిమీది చెమట భుజానికి తుడుచుకుని గడపలోకి వచ్చింది.

"ఆడపిల్లండి. తల్లీ పిల్లా క్షేమం. రెండూ నలభై అయిదు."

పెద్దాయన రెండు చేతులూ పైకెత్తి ఎటో దణ్ణం పెట్టాడు. "పూర్వాషాఢ! గండం తప్పిందండి!"

సిద్ధాంతిగారు చెడ్డవాడు కాదు. తన పని సరిగ్గా చేయాలనుకునే మనిషి. నావైపు తిరిగి, "అమ్మాయ్, నీ పుస్తకంలో రాసుకున్నావు కదా. నేల పడింది ఎప్పుడు?" అన్నారు.

అత్తయ్య నన్ను చూస్తోందని నాకు తెలుసు. కాని నన్ను ఒక పెద్దమనిషి, నలుగురిలో, నా లెక్క అడగడం అదే మొదటిసారి. "రెండూ నలభై ఒకటండి. తల ముప్ఫై తొమ్మిదికి. నలభై అయిదు ఏడ్చిన టైమండి" అని పుస్తకం చాచి చూపించాను.

గదిలోంచి వాళ్ల ముసలమ్మ గొంతు వినిపించింది. "నాలుగు నిమిషాలు ఏడవలేదా? మూలలో పుట్టి, పైగా చచ్చి పుట్టిందా అమ్మా!" మంచం మీద పిల్లతల్లి తల గోడవైపు తిప్పుకుంది. "నాలుగో పాదమే లెండి, అంత దోషం లేదు" అని సిద్ధాంతిగారు రెండుసార్లు అన్నారు. ఎవరూ వినలేదు. శాస్త్రంలో నాలుగో పాదానికి దోషం లేదనే ఉందని తర్వాత నేనూ చదివాను. పెళ్లిచూపులకి వచ్చేవాళ్లు పాదాలు లెక్కపెట్టరు. వాళ్లకి మూలంటే మూలే.

తిరుగు ప్రయాణంలో జట్కాలో అత్తయ్య ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. ఇంటికొచ్చి నూతి దగ్గర నేను చేద వేయబోతే తాడు నా చేతిలోంచి తీసుకుని తనే తోడుకుంది. ఆ తర్వాత వారం పిలుపొస్తే, "నీకు బడుంది కదే" అని ఆసుపత్రి ఆయాని వెంటబెట్టుకుని వెళ్లింది. వేసవి సెలవులప్పుడు బడేమిటి? టైంపీసు అలమరలోకి పోయింది. ఆవిడ చేతి గడియారం కొనుక్కుంది. నేనేం తప్పు చేశానో ఎవరూ చెప్పలేదు. అబద్ధం చెప్పానా అంటే లేదు. ఆవిడ అబద్ధం చెప్పిందా అంటే అదీ లేదు, ఆవిడ పద్ధతి ప్రకారం ఆవిడ చెప్పింది. రెండు నిజాలుంటే రెండూ చెప్పడం తప్పెలా అవుతుందని పన్నెండేళ్ల వయసులో నాకు అర్థం కాలేదు. పూర్తిగా ఒప్పుకోవడం ఇప్పటికీ నావల్ల కావడం లేదు.

అయిదేళ్ల తర్వాత కాలేజీలో నాకు మొదటి తరగతి మార్కులు వచ్చాయి. మెడికల్ కాలేజీ దరఖాస్తు నేనే తెప్పించుకుని, తండ్రి సంతకం చేసే చోటు తప్ప అన్నీ నింపి, నాన్న ముందు పెట్టాను. తాతయ్య అప్పటికి లేరు. నాన్న కలం తీసి, మూత కూడా తీసి, "ఒకసారి సుభద్రని అడిగి చేద్దాం" అన్నాడు. చెల్లెలి మాటంటే ఆయనకి వేదం. అత్తయ్య స్నానం చేసొచ్చి, తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని పెరటి గుమ్మంలో కాఫీ తాగుతోంది. కాగితాలు నిదానంగా, నాలుగు పేజీలూ చదివింది.

"దీనికి లెక్కలు చెప్పించన్నయ్యా. డాక్టరీ వద్దు."

"అదేంటి సుభద్రా, మార్కులు బానే ఉన్నాయి కదే."

"మార్కులు నాకన్నా బావున్నాయి. దీనికి నోట్లో మాట ఆగదు. మనం వెళ్లేది జనం ఇళ్లలోకి."

అంతే. కాఫీ అయిపోయింది, గ్లాసు కడిగి బోర్లించింది. నాన్న కలం మూత పెట్టేశాడు. అదే పని మూర్ఖుడైన తండ్రి చేసి ఉంటే నేను నవల్లో పిల్లలాగ అన్నం మానేసి ఉండేదాన్ని. ఆడపిల్లల చదువుకి అడ్డుపడేవాళ్లతో పోట్లాడవచ్చు. మన జిల్లాలో ఎందరో ఆడపిల్లలని చదివించమని తండ్రుల కాళ్లావేళ్లా పడ్డ డాక్టరమ్మ, నన్ను మాత్రం వద్దంటే ఎవరితో పోట్లాడాలి? లెక్కల్లో డిగ్రీ చేశాను. మంచి టీచరుననే అన్నారు. నా దగ్గర చదివిన ఆడపిల్లల్లో పదిహేడుమంది డాక్టర్లయ్యారు. ప్రతి ఒక్కరి సీటు వార్తా విని స్వీటు తిన్నాను, ప్రతిసారీ ఆ పెరటి గుమ్మం గుర్తొచ్చింది.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఎందుకంటే లెక్క పూర్తి కావాలి. నాకు ముప్ఫై ఒకటి వచ్చిన ఏడు ఆ పెద్దాయన మనవరాలికి సంబంధాలు చూస్తున్నారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే మూల పేరు విని వెళ్లిపోతున్నారు. పెద్దాయన చేతికర్ర పట్టుకుని అత్తయ్య దగ్గరికి వచ్చి, పుట్టిన వేళ గురించి ఒక ఉత్తరం రాసిమ్మన్నాడు, ఇంకో సిద్ధాంతి చేత జాతకం వేయిస్తానన్నాడు. అప్పటికి అత్తయ్య కళ్లకి శుక్లాలు. నన్ను పిలిచి రాయమంది. "రెండు గంటల నలభై అయిదు నిమిషాలకు జన్మించినది."

"మొదట ఏడ్చినది అని రాస్తాను అత్తయ్యా. అది నిజం."

"ఏడ్చింది అని రాస్తే పడిందెప్పుడని అడుగుతారే."

"అడగనీ. నేనైతే జన్మించిందని రాయను."

పెద్దాయన నా మొహంలోకి చూశాడు. గడప దగ్గరి పిల్లని గుర్తుపట్టాడో లేదో తెలియదు. అత్తయ్య నా చేతిలోంచి కాగితం తీసుకుని, ముక్కు దానికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని, తనే రాసింది. వరసలు ఒకదానిమీదొకటి ఎక్కాయి. అయినా పనిచేసింది. ఆ పిల్ల పెళ్లయింది. ఆవిడ మామగారు తొంభై ఏళ్లు దాటేదాకా బతికాడు. ఆయన పోయినప్పుడు పేపర్లో ఫోటో చూసి, అంకెలు వేసుకుని చూసుకున్నాను. మూల ఆయన్ని ఏమీ చేయలేదు.

ఈ మధ్య మా తమ్ముడి మనవరాలికి పురుడొచ్చింది. వచ్చింది అనకూడదు, పెట్టారు. సిద్ధాంతి ఫోనులో ముహూర్తం పంపించాడు, ఆసుపత్రివాళ్లు ఆ టైముకి ఆపరేషను రాసుకున్నారు, ఫోటోలు తీసేవాడు అరగంట ముందే వచ్చి కూర్చున్నాడు. మా అత్తయ్య నాలుగు నిమిషాలు ఏడుపు మీద పెట్టి నెట్టుకొచ్చినదాన్ని, ఇప్పుడు కత్తి పెట్టి ముందే తేల్చేస్తున్నారు. అక్కడి డాక్టరమ్మని అడిగాను, నెలలు పూర్తిగా నిండాయా అని. "మేము చెప్పేది ఎవరు వింటారండి, ఇక్కడ కాకపోతే ఇంకోచోటికి వెళతారు" అంది. చదువు పెరిగింది, గడియారాలు సెకన్లు కూడా చూపిస్తున్నాయి, నిమ్మకాయ మాత్రం ఎక్కడికీ పోలేదు.

మాధవి నవల్లో రెండువందల అరవై ఎనిమిదో పేజీలో డాక్టరమ్మ తన మేనకోడలి మెడలో స్టెతస్కోపు వేసి, "నా తర్వాత నువ్వే" అంటుంది. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. ఆ మేనకోడలు నేనే, ఇంకెవరూ లేరు. పెన్సిలు పట్టుకుని ఆ పేజీ మీద ఒక పూట కూర్చున్నాను. కొట్టేయడం ఒక్క గీత పని. కొట్టేస్తే ఆ అమ్మాయి ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెప్పాలంటే వైశాఖం చెప్పాలి, ఊరు చెప్పాలి, రెండూ నలభై ఒకటి చెప్పాలి. మా అత్తయ్య పేరు మార్చినా అది ఎవరి కథో మా జిల్లాలో అందరికీ తెలుస్తుంది. అప్పుడు ఆ ఇల్లు ఏదో, ఆ పిల్ల ఎవరో కూడా తెలుస్తుంది. ఆవిడకిప్పుడు అరవై దాటాయి, కోడళ్లున్నారు, మంచి పేరుంది. ఏ జాతకం మీద తన పెళ్లి జరిగిందో ఆవిడకైనా తెలుసో తెలియదో.

కట్ట తిరిగి పంపించాను. మర్నాడు మాధవి ఫోను చేసింది.

"నూట నలభై రెండు తప్పులు పెట్టారు మేడమ్ గారూ! అన్నీ దిద్దేస్తానండి. పడవ కూడా తీసేస్తాను. స్టెతస్కోపు పేజీలో మాత్రం ఒక్క గీత కూడా లేదు. అంటే అది నిజంగా జరిగిందన్నమాటే కదండీ? నేను ఊహించి రాశానండి!"

"ఉంచండి" అన్నాను.

"పాఠకులు ఆ చోట ఏడుస్తారండి."

"ఏడవనివ్వండి."

అయితే నవల ఒకరిది, జ్ఞాపకాలు నావి. నా జీవితంలో జరిగింది నేను రాసుకోకపోతే ఎవరు రాస్తారని పట్టుబట్టి ఈ అధ్యాయం రాశాను. ఇందులో తాతయ్య సత్రం, ఎనిమిది చేదలు, అరవై నాలుగు పురుళ్లు, పదిహేడుమంది డాక్టర్లు, అన్నీ సరిచూసినవే. ఎవరైనా వచ్చి అడిగితే నోటుబుక్కులు చూపిస్తాను, ఒక్క పుస్తకం తప్ప. ఆ ఊరు ద్రాక్షారామం వైపు కాదు. అది వైశాఖమాసం కాదు. నిమిషాలు మార్చవలసిన అవసరం లేకపోవచ్చు గాని అవి కూడా మార్చాను. ఎనభై ఏళ్లు రాబోతుండగా ఒక వేళని తప్పుగా రాయడం నాకిదే మొదటిసారి. మూడుసార్లు కొట్టేసి, మూడుసార్లు అదే తప్పు మళ్లీ రాశాను. అత్తయ్య చూస్తే ఇప్పుడు దరఖాస్తు మీద ఏమనేదో తెలియదు. సంతకం చేసే చోటు ఖాళీగానే ఉండిపోయింది, ఆ ఏటి సీట్లు ఆ ఏడే నిండిపోయాయి.